అన్నీ ఒక ఎత్తు, తావోర్మీనా ఒక ఎత్తు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో దిగే మాబోటి వాళ్లకు దూరమంటే అడ్డంగా కొలిచేదే. చేలు, చెరువులు, కొబ్బరితోటలు, కాలువలు అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. మా కంటికి ఎత్తంటే ఏటిగట్టు, అది దాటితే గుడి గోపురం. ఆ అలవాటుతోనే నేను ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలోని తావోర్మీనాకు మొదటిసారి వెళ్లినప్పుడు, ఫోను మ్యాపులో రైల్వే స్టేషనుకూ మేం దిగబోయే బసకూ మధ్య గీత గీసి చూసుకుని, రెండు కిలోమీటర్లు కూడా లేదు కదా అని టాక్సీ మాట్లాడకుండా, పెట్టెలు లాక్కుంటూ అందరినీ నడిపించాను. వెంట వచ్చిన మా మేనత్త రెండో మలుపు దగ్గర తన పెట్టె మీదే కూలబడి, కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఒరేయ్, నువ్వు అడ్డం కొలిచావు గాని నిలువు కొలవలేదురా" అంది. స్టేషను సముద్రపు ఒడ్డున ఉంది. ఊరు దానికి దాదాపు 200 మీటర్ల పైన, కొండ భుజం మీద ఉంది. అరవై అంతస్తుల మేడను సామానుతో ఎక్కడానికి ఇది ఏ మాత్రమూ తీసిపోదు.

తావోర్మీనా వెళ్లదలచిన గోదావరి జిల్లాల వారు ప్రయాణంలో ప్రతి నిర్ణయాన్నీ, అంటే ఎక్కడ దిగాలి, ఏ పూట ఏది చూడాలి, ఏ చెప్పులు వేసుకోవాలి అన్నవాటిని కూడా, అత్త చెప్పిన ఆ నిలువు కొలత మీదే తీసుకోవాలని నా అభిప్రాయం. ఇందుకోసం ఊరిని నాలుగు అంతస్తులుగా ఊహించుకుంటే సులువుగా ఉంటుంది. అడుగున సముద్రం, స్టేషను, జార్దీనీ నక్సోస్ అనే తీరపు ఊరు, మత్జారో అనే చిన్న సముద్రపు ఒడ్డు ఉంటాయి. 200 మీటర్ల ఎత్తున అసలు తావోర్మీనా ఉంటుంది. దాని నెత్తిమీద 529 మీటర్ల ఎత్తున కాస్తెల్మోలా అనే మరో చిన్న గ్రామం ఉంటుంది. వీటన్నిటి వెనుక 3,300 మీటర్లు దాటిన ఎత్తుతో ఎట్నా అగ్నిపర్వతం నిలబడి ఉంటుంది.

ఊరు కొండెక్కిన కథ

ఈ అంతస్తులు చరిత్రలో ఎలా ఏర్పడ్డాయో ముందుగా తెలుసుకుని వెళితే అక్కడ చూసేవన్నీ ఒక వరుసలో అర్థమవుతాయి. సిసిలీలో గ్రీకులు నెలకొల్పిన తొలి వలస నగరం నక్సోస్, అది క్రీ.పూ. 734లో, ఇప్పటి జార్దీనీ నక్సోస్ ఉన్నచోట, సముద్ర మట్టానికి దగ్గరగా వెలిసింది. సిసిలీలోనే మరో గ్రీకు నగరమైన సిరాక్యూజ్ పాలకుడు మొదటి డయోనీసియస్ క్రీ.పూ. 403లో దానిని నాశనం చేశాడు. చెల్లాచెదురైన నక్సోస్ వారిని క్రీ.పూ. 358లో ఆండ్రోమాకస్ అనే నాయకుడు కూడగట్టి పైనున్న తౌరో కొండ మీద నివాసం కల్పించాడు. గోదావరికి వరద వచ్చినప్పుడు లంకల వాళ్లు పిల్లాజెల్లాతో, పశువులతో ఏటిగట్టు ఎక్కుతారు కదా, వాళ్లూ అలాగే ఎక్కారు. కాకపోతే మళ్లీ దిగలేదు. ఆ తరువాత రోమన్లు వచ్చారు, 902లో అరబ్బులు ఊరిని పట్టుకున్నారు, పదకొండో శతాబ్దిలో నార్మన్లు దాన్ని లాక్కున్నారు. వచ్చినవాడల్లా కొండ ఎత్తును కోటగా వాడుకున్నాడు కాబట్టే వీధులు ఇరుకుగా, సందులు మెట్లుగా మిగిలిపోయాయి.

ఎప్పుడు వెళ్లాలి

మన సాగు క్యాలెండరుకూ ఆ ఊరి వాతావరణానికీ ఒకచోట బాగా పొత్తు కుదురుతుంది. దాళ్వా కోతలు ముగిసి, ధాన్యం తోలేసి, కాలువలు కట్టేసిన తరువాత, సార్వాకు మళ్లీ నీళ్లు వదిలే లోపల, అంటే మే నెలలో వెళ్లడం అన్ని విధాలా మేలు. మన దగ్గర రోళ్లు పగిలే ఎండలున్నప్పుడు అక్కడ పగలు హాయిగా, సాయంత్రం పలుచటి స్వెట్టరు వేసుకునేటట్లు ఉంటుంది. ఎట్నా పైభాగాన ఇంకా మంచు కనిపిస్తుంది. పిల్లలకు బడి సెలవులు కూడా. సముద్రపు నీరు మాత్రం అప్పటికి చల్లగానే ఉంటుంది కాబట్టి స్నానాల కోసమే వెళ్లేవారు సెప్టెంబరు చివరి వారాలను ఎంచుకోవాలి. ఆగస్టులో వెళ్లకపోవడమే మంచిది. ఆగస్టు 15 ఇటలీ వారికి ఫెర్రగోస్తో అనే పెద్ద పండుగ, దేశమంతా సెలవు పెట్టి తీరాలకు చేరుతుంది, గదుల ధరలు ఆకాశాన్ని అంటుతాయి, ఎండ కూడా మన ఎండకు తీసిపోదు. నవంబరు నుంచి మార్చి వరకు చాలా హోటళ్లు, తినుబండారాల దుకాణాలు మూసి ఉంటాయి. సంక్రాంతి సెలవులు కలిసొస్తాయని జనవరిలో వెళితే ఊరు ఖాళీగా, గాలి చలిగా తగులుతుంది.

కాగితాలు

ఇటలీకి షెంజెన్ వీసా, అంటే యూరోపులోని చాలా దేశాలకు కలిపి ఒకటే చెల్లే వీసా, కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి; వేసవి రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం కనుక మే ప్రయాణానికి జనవరిలోనే పని మొదలుపెట్టడం మంచిది. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు 45 యూరోలు, సేవా కేంద్రం వారి ఛార్జీలు వేరు. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తరువాత మూడు నెలలు చెల్లేదై, రెండు ఖాళీ పేజీలు కలిగి ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించేలా తీసుకోవాలి. ప్యారిస్, రోమ్ కూడా కలుపుకుని వెళ్లేవారు ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే దరఖాస్తు చేయాలన్న నియమాన్ని మరచిపోకూడదు.

మన వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు రెండున్నాయి. మొదటిది ఇంటిపేరు. చదువు సర్టిఫికెట్లలో ఒక అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది, బ్యాంకు ఖాతాలో చివర్న ఉంటుంది, విమానం టిక్కెట్టులో ట్రావెల్ ఏజెంటు తనకు తోచినట్టు రాస్తాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో, పేరు గడిలో ఏముందో అక్షరం పొల్లు పోకుండా టిక్కెట్టు, బీమా, హోటలు బుకింగు అన్నిటిలోనూ అదే ఉండేట్టు చూసుకోవాలి. రెండోది ఆదాయం రుజువు. భూమి మీద బతికే కుటుంబానికి జీతం స్లిప్పులు ఉండవు. పట్టాదారు పాసుపుస్తకం, కౌలు కాగితాలు, ధాన్యం సొమ్ము జమయిన బ్యాంకు స్టేట్‌మెంటు, వ్యవసాయ ఆదాయాన్ని చూపించిన ఆదాయపు పన్ను రిటర్ను కలిపి ఇచ్చి, ఇవేమిటో వివరిస్తూ ఒక పేజీ ఉత్తరం జతచేయాలి. చేపల, రొయ్యల చెరువుల రాబడిని పన్ను చట్టం వ్యవసాయ ఆదాయంగా లెక్కించదు కనుక చెరువులున్నవారు ఆ రెండింటినీ కలిపేసి చూపించకూడదు. వీసాకు ముందు రోజు ఎవరో బంధువు ఖాతాలో వేసిన పెద్ద మొత్తం సాయం చేయకపోగా అనుమానానికి తావిస్తుంది.

దారి: రైలును మోసే పంటు

రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి హైదరాబాదుకో ఢిల్లీకో చేరి, అక్కడి నుంచి గల్ఫ్ నగరాల మీదుగా రోమ్ చేరడం మామూలు దారి. రోమ్ నుంచి సిసిలీలోని కతానియా నగరానికి విమానంలో గంటకు కాస్త పైన పడుతుంది. కతానియా విమానాశ్రయం బయట నుంచే తావోర్మీనాకు నేరుగా బస్సులుంటాయి, గంటన్నర లోపే ఊళ్లో, అంటే పై అంతస్తులో, దింపుతాయి. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్నవారికి ఇదే తగిన దారి.

అయితే ఒక రోజు అదనంగా ఉన్నవారు రోమ్‌లోని తెర్మినీ స్టేషను నుంచి సిసిలీ వెళ్లే ఇంటర్‌సిటీ రైలు తప్పకుండా ఎక్కాలని నేను గట్టిగా చెబుతాను. పగటి రైలుకు ఇంచుమించు ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది, పడక బెర్తులున్న రాత్రి రైలు కూడా ఉంది. ఇటలీ ప్రధాన భూభాగం విల్లా సాన్ జొవాన్నీ అనే రేవు దగ్గర అయిపోతుంది. ఎదురుగా మెస్సీనా జలసంధి, సన్నని చోట మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ వెడల్పు, అవతల సిసిలీ. అక్కడ రైలును ముక్కలుగా విడదీసి, ఓడ కడుపులో పరచిన పట్టాల మీదికి ఇంజను ఆ ముక్కలను ఒక్కొక్కటిగా నెడుతుంది. ఇనుము ఇనుమును తాకిన చప్పుడు, పెట్టె ఒక్కసారి ముందుకు వెనక్కు ఊగడం, కిటికీ బయట రంగు వేసిన ఇనుప గోడ, ఆపైన పక్క పట్టాల మీదికి మన రైలు తాలూకు మిగతా సగం వచ్చి ఆగడం. మా అత్త పుట్టిల్లు సఖినేటిపల్లి. చిన్నప్పటి నుంచీ పంటు మీద బళ్లనూ, ట్రాక్టర్లనూ, పెళ్లివారి బస్సులనూ చూసిన మనిషి. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి చాలాసేపు చూసి, "మన పంటు ట్రాక్టరు ఎక్కితేనే ఒక పక్కకి ఒరుగుతుంది కదరా, ఇది రైలు మొత్తం మింగి కదలకుండా నుంచుందే" అంది.

ఈ దాటింపులో గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నీటి మీద ప్రయాణం అరగంటకు అటూ ఇటూ అయినా, విడదీయడం, ఎక్కించడం, దింపడం, మళ్లీ అతికించడం కలిపి గంటకు బాగా మించి పడుతుంది. ఆ ఆలస్యాన్ని తరువాతి బస్సు లెక్కలో వేసుకోవాలి. రైలు దిగి మెట్ల మీదుగా ఓడ పైకి వెళ్లి గాలి పీల్చుకోవచ్చు, పైన చిన్న టీ కొట్టులాంటిది ఉంటుంది; కాని వెళ్లే ముందు మీ పెట్టె నంబరు, అది ఏ వైపు పట్టాల మీద ఉందో, మీరు ఎక్కిన మెట్లు ఏవో చూసి పెట్టుకోవాలి, ఎందుకంటే కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాస్‌పోర్టు, డబ్బు వెంట తీసుకునే పైకి వెళ్లాలి. కొన్ని రోజుల్లో కొన్ని రైళ్లు రేవు దగ్గరే ఆగిపోయి, ప్రయాణికులు నడిచి ఓడ ఎక్కవలసి ఉంటుంది. పంటు ముచ్చట కోసమే ఈ దారి ఎంచుకుంటే, టిక్కెట్టు కొనేముందు రైలు మారవలసిన పని లేకుండా తావోర్మీనా జార్దీనీ స్టేషను వరకు నేరుగా వెళ్లేదా కాదా అన్నది చూసుకోవాలి.

మెస్సీనా దాటాక రైలు ఎడమ చేతి వైపు సముద్రం ఉంటుంది. ఆ వైపు కిటికీ సీటు దొరికితే వదులుకోవద్దు. స్థానిక రైలుకు కాగితం టిక్కెట్టు కొన్నవారు ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది చిన్న యంత్రంలో దానిపై ముద్ర వేయించుకోవాలి. వేయించకపోతే టిక్కెట్టు చేతిలో ఉన్నా జరిమానా కట్టవలసి వస్తుంది.

స్టేషను దిగాక మా తప్పు మీరు చేయకండి. ఎదుట నుంచి పైకి వెళ్లే బస్సు ఉంటుంది, మలుపులు తిరుగుతూ పావుగంటలో పిరాందెల్లో వీధిలోని బస్టాండుకు చేరుస్తుంది. రాత్రి పూట బస్సులు పలుచబడతాయి కనుక చీకటి పడ్డాక దిగేవారు టాక్సీకి డబ్బు పక్కన పెట్టుకోవాలి. తీగ మీద నడిచే కేబుల్ కారు గురించి చదివి స్టేషను నుంచి అందులోనే వెళ్లవచ్చని చాలామంది అనుకుంటారు. దాని దిగువ స్టాపు ఉన్నది మత్జారోలో, రైల్వే స్టేషనుకు దూరంగా. అది ఊళ్లో నుంచి సముద్రానికి దిగి రావడానికే పనికొస్తుంది.

కారు అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోవడం మేలు. భారతదేశపు లైసెన్సుకు తోడు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, బండ్లు కుడివైపున నడుస్తాయి, పాత ఊరి వీధుల్లోకి బయటి వాహనాలను రానివ్వరు, కెమెరా పట్టుకున్న జరిమానా మీరు ఇంటికి వచ్చాక అద్దె కంపెనీ ద్వారా చేరుతుంది.

బస

గది ఎంచుకునేటప్పుడు ముందు అంతస్తు నిర్ణయించుకోవాలి. జార్దీనీ నక్సోస్‌లో గదులు చవక, నేల చదును, సముద్రం ఎదురుగా. కాని ప్రతి పూటా బస్సు మీద పైకి ఎక్కాలి. పైన ఊళ్లో ఖరీదు ఎక్కువైనా, పగటి పూట వచ్చి పోయే జనం సాయంత్రానికి దిగిపోయాక ఆ వీధులు మీవే అవుతాయి. నా ఓటు పై ఊరికే. ఊరి పొడవునా మెస్సీనా ద్వారం నుంచి కతానియా ద్వారం వరకు సాగే ఉంబెర్తో వీధి ఇంచుమించు చదునుగా ఉంటుంది, కిలోమీటరుకు లోపే. దానికి అటూ ఇటూ విడిపోయే సందులన్నీ మెట్లే. కాబట్టి బుక్ చేసే ముందు ఇంటివారికి ఒక సందేశం పంపి, "బండి ఆగే చోటు నుంచి మీ గుమ్మానికి మెట్లు ఎన్ని, లోపల లిఫ్టు ఉందా" అని అడగాలి. "ఊరి నడిబొడ్డున, సముద్రం కనబడే గది" అని రాసి ఉంటే దానికి నలభై మెట్లు ఉన్నాయని అనుకోవచ్చు. పాస్‌పోర్టు వివరాలు అక్కడి పోలీసులకు తెలియజేయడం ఇంటివారికి చట్టప్రకారం తప్పనిసరి కనుక వారు అడిగితే కంగారు పడవద్దు. తలకింతని రాత్రికింతని పర్యాటక పన్ను గది అద్దెకు అదనంగా ఉంటుంది, తరచు చేతికి రొక్కంగా ఇవ్వాలి.

ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి కాళ్లను సిద్ధం చేసుకోవడం కూడా ఏర్పాట్లలో భాగమే. కోరుకొండ నరసింహస్వామి కొండో, అన్నవరం మెట్లదారో నెలకు రెండుసార్లు ఎక్కితే పుణ్యమూ పురుషార్థమూ రెండూ కలిసివస్తాయి. మోకాళ్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ నొప్పి పెడతాయి కాబట్టి దిగడం కూడా కాలినడకనే సాధన చేయాలి. అత్త ఇది చేయలేదు, నేనూ చేయలేదు.

ఏ పూట ఏది

నాలుగు రాత్రులు ఉంటే తీరికగా అన్నీ చూడవచ్చు. గ్రీకు రంగస్థలానికి మొదటి ఉదయమే, తలుపులు తీసే వేళకే వెళ్లాలి. కారణం రెండు విధాలు: పది దాటాక కింది తీరాల నుంచి, ఓడల నుంచి జనం గుంపులుగా ఎక్కి వస్తారు, అంతేకాక ఎట్నా శిఖరం తెల్లవారుజామున తేటగా ఉండి, పొద్దెక్కేకొద్దీ మబ్బులో దాక్కునే రోజులే ఎక్కువ. క్రీ.పూ. మూడో శతాబ్దిలో గ్రీకులు కొండను తొలిచి మెట్ల వరుసలుగా మలచిన ఈ రంగస్థలాన్ని తరువాత రోమన్లు ఇటుకతో తిరగకట్టారు. దాని అర్ధవలయం అడ్డుకొలత 109 మీటర్లు, సిసిలీలో సిరాక్యూజ్ రంగస్థలం తరువాత ఇదే పెద్దది. పైవరుసకు ఎక్కి కూర్చుని కిందికి చూస్తే వేదిక వెనుక రోమన్లు లేపిన ఎర్రని ఇటుక గోడ నడిమి భాగం కూలిపోయి ఉంటుంది. ఆ గండిలోంచి నక్సోస్ అఖాతం వంపు, దానికి కుడివైపున పొగ చిమ్ముతున్న ఎట్నా కనబడతాయి. గోడ నిలువుగా ఉన్న రోజుల్లో ప్రేక్షకుడికి ఈ దృశ్యం అందేది కాదు. శిథిలమే కిటికీ తెరిచింది. రాళ్లు పాలిష్ పట్టినట్టు నున్నబడ్డాయి, తడి ఉంటే జారతాయి, నీడ ఎక్కడా లేదు. టోపీ, నీళ్ల సీసా, పట్టు ఉన్న బూట్లు ఉండాలి. వేసవి నెలల్లో ఇక్కడ సంగీత కచేరీలు, చలనచిత్రోత్సవం జరుగుతాయి. అప్పుడు వేదిక నిండా ఇనుప చట్రాలు, లైట్లు ఉండి దృశ్యం కొంత మరుగుపడుతుంది, మే మొదటి సగాన్ని నేను ఎక్కువగా ఇష్టపడడానికి ఇదీ ఒక కారణం.

ఉంబెర్తో వీధిని సాయంత్రానికి ఉంచుకోవాలి. దారిలో సిసిలీ పార్లమెంటు పదిహేనో శతాబ్ది ఆరంభంలో కొలువుదీరిన కోర్వాయా భవనం, 1635 నాటి ఫౌంటెన్ ఎదుట కోటలా నిలిచిన ప్రధాన చర్చి ఉంటాయి. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, చీర కట్టుకున్నవారికి ఈ చింత లేదు. సముద్రం మీదికి తెరుచుకున్న ఏప్రిల్ 9 కూడలిలో కుర్చీలో కూర్చుంటే ఒక్క కాఫీకి కూడా పెద్ద బిల్లు వస్తుంది. అదే దుకాణంలో గల్లా పక్కన నిలబడి తాగితే చాలా తక్కువ. గచ్చు మీది రెయిలింగు దగ్గర నిలబడి చూడడానికి ఎవరూ ఏమీ అడగరు. ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఫ్లోరెన్స్ ట్రెవెలియన్ పెంచిన తోట ఇప్పుడు ఊరి ఉద్యానవనం, ప్రవేశం ఉచితం, మధ్యాహ్నపు ఎండకు మంచి చోటు.

రెండో రోజు కేబుల్ కారులో మత్జారోకు దిగి, కాస్త నడిచి ఈసోలా బెల్లాకు వెళ్లవచ్చు. మన మాటలో చెప్పాలంటే అది ఒక లంక. ఒడ్డుకూ దానికీ మధ్య సన్నటి తిన్నె ఉంటుంది, అది ఒక్కోసారి మునిగి మోకాలి లోతు నీళ్లలో నడవాలి. ట్రెవెలియన్ 1890లో దీన్ని కొని ఇల్లు కట్టించారు, ఇప్పుడది రక్షిత ప్రకృతి స్థలం. అంతర్వేది ఇసుకను ఊహించుకుని చెప్పులు విడిచారో అరికాళ్లు బాధపడతాయి, ఒడ్డంతా గులకరాళ్లే. రబ్బరు బూట్లు తీసుకెళ్లాలి. ఇక్కడికి దిగడానికి, ఎక్కడానికి వేరే మెట్లదారి కూడా ఉంది. దిగడానికి వాడుకుని, ఎక్కడానికి కేబుల్ కారు కోసం శక్తిని, డబ్బును మిగుల్చుకోవడం తెలివైన పని.

కాస్తెల్మోలాకు బస్సులో ఎక్కి, కాలినడకన దిగాలి. దిగేదారిలో కొండరాతిని తొలిచి కట్టిన మడోన్నా దెల్లా రొక్కా అనే చిన్న గుడి వస్తుంది. అక్కడి నుంచి కింద ఊరు, రంగస్థలం, అఖాతం మూడూ ఒక్క చూపులో అందుతాయి, అంతస్తుల లెక్క అప్పుడు నిజంగా కళ్లకు కడుతుంది. కాస్తెల్మోలాలో బాదంపప్పుతో చేసే తియ్యటి వైను ప్రసిద్ధి.

ఎట్నాకు ఒక పూర్తి రోజు పక్కన పెట్టాలి. దక్షిణం వైపు 1,900 మీటర్ల దగ్గర రిఫూజో సపియెంత్సా అనే చోటి వరకు రోడ్డు ఉంది, అక్కడి నుంచి 2,500 మీటర్ల వరకు కేబుల్ కారు వెళుతుంది, ఆపైన శిఖర బిలాల వైపు వెళ్లాలంటే అధికారిక గైడు ఉండాలి. కింద చొక్కాతో తిరిగిన రోజునే పైన కోటు కావాలి. పర్వతం బూడిద ఎగజిమ్మినప్పుడు కతానియా విమానాశ్రయాన్ని మూసివేయడం అప్పుడప్పుడూ జరుగుతుంది. అందుకే అంతర్జాతీయ విమానం ఎక్కవలసిన రోజునే కతానియా నుంచి బయలుదేరేలా పెట్టుకోకుండా, ఒక రాత్రి రోమ్‌లో ఉండేలా తిరుగు టిక్కెట్టు వేసుకోవాలి.

తిండి

శాకాహారులకు ఈ ప్రాంతంలో ఇబ్బంది లేదు. వేయించిన వంకాయ, టమాటా, ఉప్పటి రికొత్తా జున్నుతో చేసే పాస్తా అల్లా నోర్మా కతానియా వంటకం; అక్కడే 1801లో పుట్టిన స్వరకర్త బెల్లీని సంగీత నాటకం "నోర్మా" పేరే దానికి పెట్టారు. వంకాయ ముక్కలను పులుపు, తీపి కలిపి వండే కపొనాతా తింటుంటే మా అత్తకు ఇంట్లో బెల్లం వేసి చేసే వంకాయ పులుసే గుర్తొచ్చింది. అరంచీని అంటే అన్నం ముద్దలో కూరపెట్టి నూనెలో వేయించిన పెద్ద ఉండ; సిసిలీకి వరిని తెచ్చినవారు అరబ్బులని చెబుతారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: మాంసం కూరది వద్దని, వెన్న అన్న పేరు చూసి "అల్ బుర్రో" రకం అడిగితే అందులో తరచు పంది మాంసం ముక్కలు ఉంటాయి. వంకాయదో, పాలకూరదో అడగాలి. "సెంత్సా కార్నె, సెంత్సా పేషె", అంటే మాంసం లేకుండా, చేప లేకుండా, అన్న రెండు మాటలు నేర్చుకోవాలి. రెండోది అనకపోతే అచ్చూగె అనే చిన్న ఉప్పుచేప కూరగాయల్లో కరిగి కనబడకుండా ఉంటుంది. చేపలు తినేవారికి జలసంధిలో పట్టే కత్తిచేప ఉంది. గోదావరి వాళ్ల నోటికి ముళ్లు లేని చేప చప్పగా అనిపించవచ్చు. ఉదయం ఫలహారంగా మెత్తటి బ్రియోష్ రొట్టెతో బాదం గ్రానీతా, అంటే మంచుపొడిలా గడ్డకట్టించిన తీపి, తినడం అక్కడి ఆచారం, దాన్ని వదులుకోకూడదు. బిల్లులో "కొపేర్తో" అని తలకింత కలుపుతారు, అది కూర్చున్నందుకు వేసే ఛార్జీ, మోసం కాదు.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపు దేశాల్లోకి ప్రయాణికులు తీసుకురాకూడదు. కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. రొయ్యల పచ్చడి, చేప పచ్చడి వ్యక్తిగత వాడకానికి పరిమితంగా అనుమతి ఉన్న వర్గంలోకి వస్తాయి. ఆవకాయకూ అడ్డు లేదు, ఊట కారకుండా సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టాలి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం అక్కరలేని ఐదే పళ్లలో కొబ్బరి, అరటి రెండూ ఉన్నాయన్న సంగతి కోనసీమ వారికి గర్వంగా తోచవచ్చు గాని, ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ కనుక దాన్ని మండే వస్తువుగా లెక్కించి విమానం ఎక్కనివ్వరు. ఇంటివారికి ఏదైనా ఇవ్వాలనుకునేవారు నరసాపురం లేసు గుడ్డ ఒకటి మడతపెట్టుకోవాలి. బరువు లేదు, ఏ నియమమూ అడ్డురాదు, సూదిపని విలువ తెలిసిన ఊరు అది.

పెట్టె తలకొకటి, ఏడెనిమిది కిలోలకు మించకుండా ఉండాలి, ఎందుకంటే చక్రాలు మెట్ల మీద పనిచేయవు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడకు పట్టదు, ఫోను ఛార్జరు తాలూకు సన్నటి రెండు పిన్నులు పడతాయి. ఇంటికి ఫోను చేసేటప్పుడు మేలో అక్కడి వేళ మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజే బస్సు టిక్కెట్టు కొని పెట్టుకోవాలి; "టి" అక్షరం బోర్డు ఉన్న పొగాకు దుకాణాల్లో కూడా కొన్ని బస్సుల టిక్కెట్లు అమ్ముతారు. మేం ఆ సాయంత్రం టిక్కెట్లు కొన్నాక, అత్త బస్టాండు నుంచి గది వరకు మెట్లు లెక్కపెట్టింది. అరవై రెండు. రేపు దిగడమే కాబట్టి పరవాలేదంది.